కృపాకర్ దాచుకున్న ఆయాసం

పొద్దున లేవగానే కృపాకర్ ముందు వీధి తలుపు గడియ పడి ఉందో లేదో చూసేవాడు. తర్వాత కిటికీ రెక్కలు దగ్గరికి లాగేవాడు. అప్పుడు బియ్యం డబ్బా వెనక నుంచి ఇన్‌హేలర్ తీసి, గోడవైపు తిరిగి, ఒక్క దమ్ము పీల్చేవాడు. ఇంట్లో ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

డోర్నకల్‌లో ఆయన రైల్వే కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. భుజాన సుత్తె వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వాటిని పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి బిగించే కొలువు అది. ఉబ్బసం ఉన్నదని రైల్వే ఆరోగ్య పరీక్షలో తేలితే లైన్ మీద నుంచి తీసేస్తారని భయం. అందుకే ఆ సంగతి భార్య సుగుణకు తప్ప ఎవరికీ తెలియనీయలేదు. ఊళ్లో కొంటే చర్చి వాళ్లో, రైల్వే వాళ్లో చూస్తారని సుగుణ ప్యాసింజరెక్కి పక్క ఊరు గార్ల పోయి మందు తెచ్చేది. పరీక్ష ఉన్ననాడు దాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని దవాఖాన గోడ వెనక నిలబడేది. ఆయన అక్కడ పీల్చుకుని లోపలికి పోయి, డాక్టర్ అడిగితే "ఏం లేద్సార్" అనేవాడు.

కొలువు అయిపోయినా భయం పోలేదు. ఇప్పుడు తెలిస్తే పింఛను ఆపుతారేమో అనుకున్నాడు. నిరుడు సుగుణ చనిపోయింది. ఇక ఆయన ఆయాసం ఎరిగిన మనిషి ఈ లోకంలో ఒక్కరూ మిగల్లేదు.

మొన్నటి వానకాలంలో గుండె దడ మొదలైంది. ఊళ్లోని ప్రైవేటు దవాఖానలో డాక్టరమ్మ పరీక్షించి, గుండె వేగం తగ్గించే గోలి రాయబోతూ అడిగింది.

"బాపూ, ఉబ్బసం, ఆయాసం ఏమన్న ఉన్నయా?"

"ఏం లేదమ్మా." ఏండ్ల అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

దడ తగ్గింది. ఛాతీ బిగుసుకోవడం మొదలైంది. ఇన్‌హేలర్ మునుపటిలా పట్టడం లేదు. గుండెజబ్బే ముదురుతున్నదనుకుని ఆయన గోలి ఒక్క పూట కూడా తప్పలేదు. "కొత్త గోలి వేసుకున్నంకనే గిట్లయితున్నది కదా" అనడానికి సుగుణ లేదు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఊపిరి అందక ఉత్త పెదవులు కదిపాడు. పక్కనున్న వాళ్లెవరూ గమనించలేదు.

ఒక పొద్దున తండా నుంచి పాలు తెచ్చే సుక్కి తలుపు కొట్టింది. "బాపూ, పాలు!" లోపల నుంచి ఊపిరి ఆడక పిల్లికూతల చప్పుడు వినిపించింది. ఆయన ఎట్లనో పాకి వచ్చి గడియ తీశాడు. ఆ స్థితిలో కూడా చేతిలోని ఇన్‌హేలర్‌ను లుంగీ మడతలోకి దోపుకున్నాడు. సుక్కి క్యాను గుమ్మంలోనే వదిలేసి ఆటో పిలిచింది.

దవాఖానలో మాస్కు పెడుతూ డాక్టరమ్మ మళ్లీ అడిగింది. "నిజం చెప్పు బాపూ. ఆయాసం ముందు నుంచే ఉన్నదా?"

కృపాకర్ గోడవైపు చూశాడు. రైల్వే దవాఖానలో ఈ ప్రశ్న ఎప్పుడు అడిగినా గోడ అవతల సంచి పట్టుకుని ఒక మనిషి ఉండేది. ఇప్పుడు అవతల బండ్లు పెట్టుకునే జాగా తప్ప ఏమీ లేదు.

"ఉన్నదమ్మా," అన్నాడు. "కొలువులున్నప్పటి సంది ఉన్నది." మడతలోంచి ఇన్‌హేలర్ తీసి మంచం మీద పెట్టాడు.

"అయ్యో, మొదలే చెప్పొద్దా! గా గోలి మంచిదే, శానమందికి పనిచేస్తది. ఉబ్బసం ఉన్నోళ్లకు మాత్రం ఊపిరి గొట్టాలు బిగుసుకునే ప్రమాదం ఉన్నది. పీల్చే మందును గూడ సరిగ్గ పనిచెయ్యనియ్యదు. నీకు వేరేది ఇస్త."

"మరి నా పింఛను?"

"నీ పింఛనుకు, నా మందుల చీటీకి ఏం సంబంధం బాపూ?"

సుక్కి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిందుకేనా రోజు కిటికీలు పెట్టుకునేది? చర్చికి పోయే మనిషి పొద్దుగాల్నే సాటుంగ తాగుతున్నడని వాడకట్టంత అంటున్నరు!"

మాస్కు కింద కృపాకర్‌కు నవ్వొచ్చింది, దగ్గొచ్చింది. ఇంటికి పోయి ఈ మాట సుగుణకు చెప్పాలనుకున్నాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఇప్పుడాయన దడకు వేరే గోలి వేసుకుంటున్నాడు. ఇన్‌హేలర్ కిటికీలో ఉంటుంది, రెక్కలు తెరిచే ఉంటాయి. మందు అయిపోతే మాత్రం ఊళ్లో కొనడు. సుగుణ ఎక్కిన ప్యాసింజరే ఎక్కి గార్ల పోయి తెచ్చుకుంటాడు.