నలభై పుల్లల క్యాలెండరు

మా నాన్న సైకిలు చక్రాలకు బెండు తీసేవాడు. పంక్చర్లు, బ్రేకులు, చైన్లు ఎవరైనా చూస్తారని ఆయన అభిప్రాయం. గుంతలో పడి అష్టవంకర్లు పోయిన చక్రం వస్తే మాత్రం ఆయనకు ప్రాణం లేచొచ్చేది. దాన్ని స్టాండుకు తగిలించి, వేలితో గిర్రున తిప్పి, ఒక కన్ను మూసి చూస్తూ పుల్లలను ఒక్కొక్కటే గోటితో మీటేవాడు. బిగువుగా ఉన్న పుల్ల ఒకలా మోగుతుంది, వదులైంది ఇంకొకలా. చిన్న రెంచితో ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు. గంట తిరక్కుండా చక్రం ఊగడం మానేసి తిన్నగా తిరిగేది. వీధిలో అందరూ ఆయన్ని చక్రాల మేష్టారు అనేవారు. చదివింది అయిదో తరగతి. ఆ పిలుపు వినబడినప్పుడల్లా వచ్చే నవ్వును మీసం చాటున దాచుకోవడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు.

అలా వంకరన్నది కంట పడితే ఊరుకోలేని మనిషింట్లో ఎత్తుపళ్ళ పిల్ల పుట్టింది. అది నేనే.

పై వరసలో నాలుగు పళ్ళు నాకంటే ముందు గదిలోకి వచ్చేవి. వాటి పక్కన కోరపన్ను ఒకటి చోటు చాలక పైన చిగుళ్ళలోంచే తొంగి చూసేది. బళ్ళో నా పేరు బాల్కనీ. పన్నెండేళ్ళు వచ్చేసరికి నవ్వు రాగానే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళేది. నాన్న కొన్నాళ్ళు చూసి ఒకరోజు కొట్లో అడగనే అడిగాడు.

"ఏంటే ఆ చెయ్యి? నోట్లోకి ఈగలు పోతాయనా?"

మామూలుగా అయితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజు ఏడుపొచ్చేసింది. బళ్ళోంచి వెళ్ళిపోయే ఏడు తీసే ఫోటోలో నేను నిలబడనని, చంపినా నిలబడనని చెప్పాను. నాన్న చేతులు తుడుచుకుని కొట్టు తలుపు దించాడు.

పళ్ళ వరస సరిచేసే డాక్టరమ్మ గది కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉండేది. మా ఇంటి నుంచి బస్సులో ముప్పావు గంట. ఆవిడ నా నోరంతా చూసి ఏడాదిన్నర పడుతుందని చెప్పింది.

"క్లిప్పులు పెట్టాక ఆరు వారాలకోసారి తీసుకురండి," అంది.

నాన్న వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. బళ్ళో ఫోటోకు పద్నాలుగు నెలలే ఉంది. "వారం వారం తీసుకొస్తేనమ్మా? కొట్టు మూసైనా తెస్తాను. అప్పుడు మూణ్ణెల్లలో తేలిపోతుంది గదా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "తీగ లాగిన వెంటనే పన్ను జరిగిపోదండీ. ముందు ఎముక దారివ్వాలి. పన్ను వెళ్ళేవైపు కరగాలి, వెనకాల కొత్తది పుట్టాలి. దాని టైము దానికివ్వాలి. మధ్యలో క్లిప్పు ఊడినా, తీగ గుచ్చుకున్నా ఆ రోజే వచ్చేయండి. ఏమీ కాకపోతే ఆరు వారాలే. ముందొద్దు, ఆలస్యమూ వద్దు."

ఇంటికొచ్చాక ఈ ఆరు వారాలు గుర్తెలాగా అని పెద్ద చర్చ. గోడ క్యాలెండరు మీద రాయమంది అమ్మ. క్యాలెండరును నాన్న నమ్మడు, కాగితం చిరుగుతుందంటాడు. కొట్లో గోడకు ఒక పాత వెనక చక్రం వేలాడుతుండేది. దానికి నలభై పుల్లలు. ఒక గురువారం నాకు క్లిప్పులు పెట్టారు. మర్నాడు నాన్న నా జడకు కట్టే ఎర్ర రిబ్బను కొస కత్తిరించి, వాల్వు రంధ్రం పక్కనున్న మొదటి పుల్లకు ముడివేశాడు. రోజూ పొద్దున్న కొట్టు తెరవగానే ఆ ముడి విప్పి పక్క పుల్లకు కట్టేవాడు. నలభై అయ్యాక ఒకరోజు ఇరుసుకు, ఆ మర్నాడు వాల్వు రంధ్రంలోకి. నలభై రెండు. రిబ్బను రంధ్రంలో కనబడిందంటే అది గురువారమే, మేము బస్సెక్కే రోజే. కొట్టుకు సెలవున్నా రిబ్బను జరపడానికని వెళ్ళి తాళం తీసేవాడు. "ఆ చక్రానికి అన్నం కూడా పెట్టి రా," అని అమ్మ వెనక నుంచి కేకేసేది.

ఆ గురువారాలే నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటాయి. నాన్న ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకునేవాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు, అందుకని బస్సులో గుప్పిళ్ళు మూసుకు కూర్చునేవాడు. కిటికీ పక్క సీటు నాది. దారిలో పోయే ప్రతి సైకిలును చూసి జబ్బులు చెప్పేవాడు. "అదిగో, ఆ పెద్దాయన ముందు చక్రం చూడు, వారంలో నా దగ్గరికొస్తుంది." వచ్చేదో లేదో నాకు తెలియదు గాని, అప్పుడు మాత్రం ఆయనంత తెలిసినవాడు లోకంలో లేడనుకునేదాన్ని. గదిలో డాక్టరమ్మ తీగ మార్చి బిగిస్తుంటే నాన్న కుర్చీ అంచున కూర్చుని మెడ సాచి చూసేవాడు. ఆవిడ పట్టకారు తిప్పినప్పుడల్లా ఆయన బొటనవేలూ చూపుడువేలూ కూడా పావు చుట్టు తిరిగేవి.

బిగించిన రోజూ ఆ మర్నాడూ నేనేమీ కొరకలేకపోయేదాన్ని. పాలల్లో నానిన రొట్టె తప్ప గతి లేదు. నాన్న కూడా అదే తినేవాడు. ఎందుకని అడిగితే పంటి నొప్పి అనేవాడు. "క్లిప్పులు దానికా, నీకా?" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఏడాదిలో ముందు పళ్ళు నాలుగూ వెనక్కి వచ్చాయి. కోరపన్ను మాత్రం మొండికేసింది. దిగీ దిగకుండా సగంలో ఆగింది. ఫోటో ఇక నెల రోజుల్లోకి వచ్చింది.

చెయ్యకూడని పని నాన్న అప్పుడు చేశాడు. తప్పంతా ఆయన మీదే తోసేయలేను, నోరు తెరిచింది నేనే.

ఆదివారం మధ్యాహ్నం, అమ్మ పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. నాన్న సన్నమూతి పట్టకారు వేణ్ణీళ్ళలో కడిగి తెచ్చాడు. నన్ను కిటికీ దగ్గర వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టాడు. క్లిప్పు చుట్టూ మెలేసి కట్టిన సన్న తీగను గోటితో మీటి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు. "వదులుగానే ఉంది. ఆవిడ భయపడి బిగించడం లేదు. పావు చుట్టే, నీకు తెలియను కూడా తెలియదు."

నిజంగానే తెలియలేదు. దాంతో ఇద్దరికీ ధైర్యం వచ్చింది. ఇంకో పావు చుట్టు తిప్పాడు. టక్కుమంది. క్లిప్పు ఊడి తీగకు వేలాడింది, పన్ను వేరు దాకా జివ్వుమంది. నేను కెవ్వున అరిచాను. నాన్న చేతిలో పట్టకారు కింద పడింది.

మర్నాడు రిబ్బను సగం చక్రంలో ఉండగానే బస్సెక్కాం. దారిలో ఎన్ని సైకిళ్ళు పోయినా నాన్న ఒక్కదానికీ జబ్బు చెప్పలేదు. డాక్టరమ్మ దీపం దించి చూసి, మెలి తిరిగిన తీగను అద్దంలో నాకు చూపించింది.

"ఇదెవరు తిప్పారు?"

"నేనేనండీ. అద్దంలో చూసుకుంటూ," అన్నాను.

"కాదమ్మా," అని నాన్న లేచి నిలబడ్డాడు. "దానికేం తెలియదు. నేనే తిప్పాను."

ఆవిడ చేతి తొడుగులు తీసేసింది. ఇక ఈ పిల్లను నేను చూడను, వేరే ఎవరికైనా చూపించుకోండి అంటుందనుకున్నాను. "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. నాన్న గుప్పిళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. చక్రాలకు బెండు తీస్తాడని నేనే చెప్పాను.

"అయితే చెప్పండి. మీరు చక్రం సగం సరిచేసి పంపారు. ఆ మనిషి ఇంట్లో కూర్చుని పుల్లలు తనే బిగించేసుకుని మీ దగ్గరికొస్తే ఏమంటారు?"

"బండబూతులు తిడతానమ్మా," అన్నాడు నాన్న.

ఆవిడకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, చేత్తో మూసుకున్నాను. కాని ఆవిడ చెప్పిన మాటకు నవ్వు ఎగిరిపోయింది. పన్ను అదిరింది, ఆరు వారాల పాటు దాన్ని ముట్టుకోనంది. నాన్న తొందర వల్ల తగ్గిన రోజులు లేవు, పెరిగినవే నలభై రెండు. ఫోటో ఆ నలభై రెండు రోజుల మధ్యలో పడింది.

"నీ ఫోటో నేనే పాడు చేశానే," అన్నాడు నాన్న బస్సు దిగాక. నాకు కోపం వచ్చింది నిజమే, ఎందుకు దాచాలి?

ఫోటోలో పిల్లలందరూ పళ్ళికిలిస్తుంటే నేనొక్కదాన్నే నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు నిలబడ్డాను. ఆ ఫోటోను నాన్న కొట్లో చక్రం పక్కనే తగిలించాడు. తీసెయ్యమని ఎంత పోరినా వినలేదు. మీ అమ్మాయి అలా బిగుసుకుపోయిందేంటని ఎవరైనా అడిగితే, "దాని తప్పు లేదండీ, నాది," అంటూ పట్టకారు సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పేవాడు. ఒక్కొక్కరికి రెండుసార్లు కూడా చెప్పాడు. ఆ తరువాత ఒక్క గురువారం కూడా మేము తప్పలేదు, ఒక్క రోజు ముందూ వెళ్ళలేదు.

క్లిప్పులు తీసేసిన రోజు డాక్టరమ్మ నా చేతికి అద్దమిచ్చింది. చూసుకుని నవ్వాను. చెయ్యి అలవాటుగా పైకి లేచింది. నాన్న పక్కనే ఉన్నాడు. గ్రీజు చేత్తో నా మణికట్టు పట్టుకుని, "దించు," అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి వాడుకున్నాడు.

పళ్ళు మళ్ళీ పాత చోటికి పోకుండా తీసి పెట్టుకునే ప్లేటు ఒకటి ఇచ్చింది ఆవిడ. ఎన్నేళ్ళయినా మానొద్దంది. చూపించడానికి మూడు నెలలకోసారి వస్తే చాలు, తరువాత ఆరు నెలలకు, ఆ పైన అసలు రానవసరం లేదంది.

"ఆరు వారాలకోసారి ఊరికే వచ్చి చూపించుకుపోతే?" అన్నాడు నాన్న.

"అక్కర్లేదండీ."

"దారిలోనే గదా అని..."

"మీకు దారిలో కాదు కదా," అంది ఆవిడ మెల్లగా.

నాన్న మెట్లు చాలా నెమ్మదిగా దిగాడు. నేను నా పళ్ళను దుకాణం అద్దంలో చూసుకునే హడావిడిలో ఉన్నాను.

ఆ తరువాత చదువు, వేరే ఊళ్ళో ఉద్యోగం, పెళ్ళి. మా ఆయనకు నేను నచ్చింది నా నవ్వు చూసేనట. చక్రాల మేష్టారు విని ఆ రోజంతా కొట్లో ఈల వేశాడని అమ్మ చెప్పింది. నాన్న ఫోన్లో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అమ్మ ఫోనులోంచే "బాగున్నావా, సరే," అనేవాడు. అప్పుడప్పుడు మాత్రం తనంతట తనే చేసేవాడు. ఎప్పుడు చేసినా ఒకటే ప్రశ్న.

"పళ్ళెలా ఉన్నాయే? ప్లేటు పెట్టుకుంటున్నావా?"

"పెట్టుకుంటున్నా నాన్నా."

అది పచ్చి అబద్ధం. పెళ్ళయిన కొత్తలోనే ప్లేటు ఎక్కడో పోగొట్టాను. కోరపన్ను మెల్లగా మళ్ళీ పక్కకు తిరిగింది. ఊరికెళ్ళినప్పుడల్లా ఆ వైపు నాన్నకు కనబడకుండా కూర్చునేదాన్ని. ఆయన ఫోను ఎప్పుడూ గురువారమే వచ్చేది. ఆ రోజు బేరాలు తక్కువేమో అనుకున్నాను. ఒకసారి ఆఫీసులో పని మీద పని పడి, "నాన్నా, ఈ పళ్ళ గోల తప్ప నీకింకేం లేదా?" అని విసుక్కున్నాను కూడా. "లేదమ్మా, ఉంటాను," అని పెట్టేశాడు.

పోయిన ఏడాది ఒక శుక్రవారం నాన్న కొట్లోనే, స్టాండు ముందు పీట మీద కూర్చుని ఉండగా పోయాడు. స్టాండుకు చక్రం ఇంకా తగిలించే ఉంది.

కొట్టు ఖాళీ చెయ్యడానికి నేనూ అమ్మా వెళ్ళాం. గోడ మీద పాత చక్రం, పక్కనే నోరు బిగించుకున్న నా ఫోటో అలాగే ఉన్నాయి. చక్రానికి ఎర్ర రిబ్బను ఉంది. పాతది కాదు, కొత్తది. వాల్వు రంధ్రం నుంచి లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదో పుల్ల.

"ఇంకా జరిపేవాడా అమ్మా?"

"ఎప్పుడు మానాడు గనక?" అంది అమ్మ. "రిబ్బను రంధ్రంలోకి వచ్చిన రోజు మంచి చొక్కా వేసుకుని నీకు ఫోను చేసేవాడు. నీకు తెలుసనుకున్నాను."

నేను నా ఫోను తీసి చూశాను. నాన్న చేసిన ఆఖరి ఫోను గురువారం. అక్కణ్ణుంచి ఆయన పోయిన శుక్రవారానికి ఇరవై తొమ్మిది రోజులు. అంతకు ముందు ఫోనుకు నలభై రెండు. దానికి ముందు దానికీ నలభై రెండే. పీట మీద కూలబడి, తిట్టుకోవాల్సిన తిట్లన్నీ నన్ను నేనే తిట్టుకుని ఏడ్చాను.

చక్రాన్ని నాతో తెచ్చుకున్నాను. నాన్న పోయాక ఆగిపోయిన రోజులన్నీ లెక్కగట్టి రిబ్బను ముందుకు జరిపాను. మిగిలిన పుల్లలకు రోజుకొకటి చొప్పున కట్టాను, తరువాత ఇరుసుకు. రంధ్రంలోకి వచ్చిన గురువారం మా ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నలభై మూడేళ్ళ వయసులో క్లిప్పులేమిటని మా ఆయన అన్నాడు గాని, నా మొహం చూసి ఆగాడు.

డాక్టరు నా కంటే చాలా చిన్న పిల్ల. "ప్లేటు మానేసి ఎన్నాళ్ళయిందండీ?"

"పంతొమ్మిదేళ్ళు."

"మరి ఇప్పుడెందుకు సరిచేయించుకోవాలనిపించింది?"

"మా నాన్న అడుగుతున్నాడు," అన్నాను.

ఆ అమ్మాయి తలూపి పని మొదలుపెట్టింది. ఆఖర్న తీగ బిగించి, ఆరు వారాలకు రమ్మంది, ముందు రోజు ఫోనుకు మెసేజు వస్తుందంది. మెసేజు అక్కర్లేదు, మా ఇంట్లో నలభై పుల్లల క్యాలెండరు ఉందన్నాను. తెల్లబోయి చూసింది. ఆ మొహం చూసి నాకు నవ్వొచ్చింది. నోటి నిండా తీగలు కదా, చెయ్యి అడ్డం వచ్చింది. దించుకున్నాను.