బాషా గారి పావుల కోసం కొల్లేరుకు

ఆదివారం ఉదయం ఏడున్నరకు తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కాం. ఈ ప్రయాణానికి కారణం నా నోటి దూల. నెల క్రితం మా వీధి టైలరు బాషా గారి చదరంగం పావులు అరువు తీసుకెళ్లి, కొల్లేరు లంకలో చేపల చెరువున్న సూరిబాబు గారితో ఆటలో వాటినే పందెం కాసి ఓడిపోయాను. అవి బాషా గారి తాత సొంత చేత్తో, ఏ రెండు బంట్లూ ఒకేలా లేకుండా చెక్కిన పావులు. "అవి లేకుండా నా కొట్టు మెట్టెక్కకండి" అన్నారాయన. ఈసారి నాకు కాపలాగా తానే బయల్దేరారు.

పోయినసారి ఓడింది తెలివి తక్కువై కాదు, పద్ధతి తేడా వల్ల. పుస్తకం ఆటలో రాజు ముందున్న బంటును మొదటి ఎత్తులోనే రెండు గళ్లు తోస్తాం. బోర్డు నడిమి చోటు మనదవుతుంది, శకటుకూ మంత్రికీ దారి తెరుచుకుంటుంది. తర్వాత గుర్రమూ శకటూ బయటికొచ్చి అవతలి రాజు పక్కనున్న బంటు మీద గురిపెడతాయి. మొదట్లో దాన్ని కాచేది రాజొక్కడే. ఈలోగా మన రాజును ఏనుగు చాటుకు చేర్చుకోవాలి. సూరిబాబు గారి నాటు ఆటలో బంటుకు ఒక్క గడే. ఏనుగు చాటు లేదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. ఆ దూకుడుకే నేను చిత్తయ్యాను. అందుకే నెలంతా నాటు పద్ధతే సాధన చేశాను.

రైల్లోనూ చిన్న బోర్డు తీశాను. భీమడోలులో జామపళ్ల గంపతో ఎక్కినావిడ కాసేపు చూసి, "ఏవండీ, ఎదర మనిషి లేకుండా ఎవరితో ఆడుతున్నారండీ?" అంది.

"మనిషుంటే ఓడిపోతారమ్మా" అన్నారు బాషా గారు.

ఎనిమిదిన్నర దాటాక ఏలూరులో దిగి, ఇడ్లీలు తిని, కైకలూరు బస్సెక్కాం. వెళ్లేవారు కిటికీ సీటు వదులుకోకండి. దారంతా చెరువు గట్లు, కొంగలు, నీళ్లు చిమ్మే ఏరేటర్లు. బస్సు దిగి, ఆటోలో లంక చేరేసరికి పదిన్నర.

సూరిబాబు గారు మజ్జిగిచ్చి, "ఈసారి మీ పుస్తకం పద్ధతేనండీ. నెల్రోజులు సెల్లులో నేర్చుకున్నాను" అన్నారు.

నేర్చుకున్నదంతా గంగపాలు. అలవాటు కొద్దీ రాజు ముందు బంటును ఒక్క గడే తోశాను. బాషా గారు తల పట్టుకున్నారు. మరుసటి ఎత్తులో దాన్నే ఇంకో గడి తోసి, పరువు దక్కించుకోవడానికి గుర్రాన్ని, శకటును దించాను. తర్వాత అదే గుర్రాన్ని ముందుకు దూకించి, ఆయన రాజు పక్క బంటు మీద రెండింటితో గురిపెట్టాను.

సూరిబాబు గారు నవ్వి, రాజును పైకెత్తి గుర్రంలా దూకించారు.

"ఏవండీ, పుస్తకం ఆటలో రాజు దూకడండీ" అన్నారు బాషా గారు మెల్లగా. "ముట్టుకున్నారు కాబట్టి రాజునే కదపాలి."

అప్పుడు రాజుకు మిగిలింది తన ముందున్న ఒకే గడి. అక్కడికి కదిలాడు. నా గుర్రం ఆ బంటును కొట్టి, మంత్రి మీదా ఏనుగు మీదా ఒకేసారి కూర్చుంది. ఆయన ఏనుగు పోయింది, మరో పది ఎత్తుల్లో ఆటా పోయింది. నెలంతా నేను ఆయన ఆట నేర్చుకున్నాను, ఆయన నా ఆట నేర్చుకున్నారు. ఇద్దరికీ చేతులు మాత్రం మాట వినలేదు.

భోజనంలో కొర్రమీను పులుసు పెట్టారు. బాషా గారు మూడోసారి అన్నం కలుపుకోవడం నా కళ్లారా చూశాను.

నాలుగున్నరకు ఏలూరులో తిరుగు రైలెక్కాం. గెలిచి తెచ్చుకున్న పావుల పెట్టె ఒళ్లో తెరిచి లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటే ఉన్నాయి. తెల్లరాజు ముందు బంటు లేదు.

"సూరిబాబు గారు కొట్టేశారండీ!"

"ఆయనెందుకు కొట్టేస్తారండీ? వాళ్ల అరుగు మీద నేనే వదిలొచ్చాను." బాషా గారు కిటికీలోంచి చూస్తూ అన్నారు. "అది లేకుండా ఆట మొదలవదు కదా. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి."

నెల రోజులు నన్ను కొట్టు మెట్టెక్కనివ్వని మనిషి! తాత చెక్కిన బంటును పులుసు కోసం బలిచ్చేశాడు.