లింబయ్య నోట ఇంకొకరి మాట

బోధన్ చుట్టుపక్కల నాటకమంటే లింబయ్య గొంతే. పగలు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దింపేవాడు. సాయంత్రం స్నానం చేసి ముఖానికి రంగు పూసుకునేవాడు. కోటగిరిలో మైకు మొరాయించినా ఆయన పద్యం జనంలో చివరి వరుస దాకా వినిపించేది. ఆయన రాగం అందుకుంటే హార్మోనియం వాయించే బాపురావు వేళ్లు ఆపి వింటూ ఉండిపోయేవాడు.

ఫ్యాక్టరీ మూతపడింది. నాటకాలకు పిలిచేవాళ్లూ తగ్గిపోయారు. ఇక అయిపోయిందనుకున్నాక, అరవై దాటిన వయసులో సినిమా పిలుపు వచ్చింది. ఈ ప్రాంతపు మాట మాట్లాడే తండ్రులూ తాతలూ సినిమాలకు కావలసివచ్చిన కాలమది. చిన్నచిన్న వేషాలు వేస్తుండగా రాజశేఖర్ అనే దర్శకుడు పెద్ద పాత్ర ఇచ్చాడు. కొడుకును పోగొట్టుకుని, ఎండిన వరిచేలో నిలబడి ఆకాశాన్ని నిలదీసే రైతు. లింబయ్య ఒక్క టేకులో చెప్పేశాడు. కట్ అనడం రాజశేఖరే మరిచిపోయాడు.

అయితే ఆ రోజు గాలి హోరుకు మాటలు సరిగా రికార్డు కాలేదు. హైదరాబాద్ స్టూడియోలో మళ్లీ చెప్పాలి. ఆ ప్రయాణానికి ముందే ఒక పొద్దున లింబయ్య బావి దగ్గర పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. పక్షవాతం. కుడిచేయీ మాటా పోయాయి.

అయినా పోతానని సైగ చేశాడు. భార్య ఈరవ్వ వెంట వెళ్లింది. స్టూడియో చీకట్లో తెర మీద ఆయన పెదాలు కదులుతున్నాయి. మైకు ముందు నిలబడ్డ లింబయ్యకు ప్రతి మాటా గుర్తుంది. నోరు తెరిస్తే "ఆ... ఆ..." తప్ప ఏమీ రాలేదు. మధ్యాహ్నం దాకా ప్రయత్నించాడు. చొంగ కారితే ఈరవ్వ కొంగుతో తుడిచింది.

"మాఫ్ చెయ్యి బాపూ," అన్నాడు రాజశేఖర్ లింబయ్య ముందు తల వంచుకుని. "రిలీజ్ తారీఖు ఖరారైంది. ఇంకొకరితోని చెప్పిస్త. నా చేతుల లేదు."

లింబయ్య తలూపాడు. కాదనడానికి మాత్రం మాటేది?

సినిమా బోధన్‌కు వచ్చింది. హాలు నిండింది. ఈరవ్వతో కలిసి లింబయ్యా వచ్చి కూర్చున్నాడు. ఎండిన చేను కనబడగానే ఈలలు ఆగిపోయాయి. ఆ ముఖం తనదే, ఆ కన్నీళ్లు తనవే. మాట మాత్రం ఎవరో పట్నపాయనది. 'గిట్ల' అనాల్సిన చోట నొక్కి నొక్కి, నేర్చుకున్నట్టు పలికాడు. అయినా చుట్టూ జనం ఏడుస్తూనే ఉన్నారు. లింబయ్య ఎడమచేత్తో కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

బయట, పక్షవాతం సంగతి తెలియని హన్మండ్లు అనే పాత నాటకాల అభిమాని అడ్డం వచ్చాడు. "అన్నా, గా గొంతు ఇంకా గట్లనే ఉన్నదే! చేన్ల మాట ఒక్కపారి సెప్పు, మావోళ్లకు పంపుత," అంటూ ఫోన్ ఎత్తి పట్టాడు.

లింబయ్య నోరు తెరిచాడు. ఈరవ్వ అడ్డుపడింది. "పానం మంచిగ లేదు తమ్మీ. మల్లెప్పుడన్న."

ఆటోలో ఆమె ఆయన కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుంది. తర్వాత, "నీ గొంతు లెక్కనే ఉండెనయ్యా. నాకైతే ఫరక్ తెల్వలే," అంది.

లింబయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కాదు అన్నట్టు తలాడించాడు. ఆగకుండా, ఇల్లు చేరేదాకా తలాడిస్తూనే ఉన్నాడు.