పిండి పట్టుకుని మిక్సర్ కొనడానికి వెళ్లాను

ఒడిశాలోని సునాబెడలో మా ఫ్యాక్టరీ క్వార్టర్ వంటింట్లోనే నా మొదటి మిక్సర్ కాలిపోయింది. చేత్తో పట్టుకునే చిన్న రకం. గుడ్లు గిలక్కొట్టడానికీ, వెన్నా పంచదారా కలపడానికీ బాగానే పనికొచ్చేది. కేకులతో ఆగి ఉంటే ఇంకా ఉండేదేమో. నాకు బన్నుల మీదికి మనసు పోయింది. గట్టి పిండిలోకి దాన్ని దించాను. కాసేపు మూలిగి, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది.

అత్తగారు గుమ్మంలోంచి చూసి, "సేతులున్నాయి కదమ్మీ" అన్నారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మా ఆయన అదే మాట ఇంకొంచెం మెత్తగా చెప్పారు. ఏళ్ల తరబడి రొట్టెల పిండి పిసికి నా కుడి మణికట్టు వాచి ఉంది. ఆ సంగతి చెబితే జాలిపడి కొనిపెట్టేవారే. అలా కొనిపించుకోవడం నాకిష్టం లేదు. ట్యూషన్లు చెప్పి దాచుకున్నది ఉంది, నాకు కావాలి, కొనుక్కుంటాను అన్నాను.

మర్నాడు ఒక డబ్బాలో మైదా, ఒక సీసాలో నీళ్లు సంచిలో పెట్టుకుని కోరాపుట్ బస్సెక్కాను.

అక్కడ కరెంటు సామాన్ల షాపాయన పార్వతీపురం వైపు మనిషి. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"ఇంట్లో మగోళ్లని తీసుకురండమ్మా. మోటారు సంగతి ఆళ్లకి తెలుస్తాది."

"పిండి కలిపేది నేనండి. మోటారు సంగతి నాకే తెలవాలి."

ఎర్రగా మెరిసిపోతున్న, గిన్నెతో పాటు బల్ల మీద నిలబడే మిక్సర్ ఒకటి దించి, అట్టపెట్టె మీది వాట్ల అంకె చూపించాడు. అది ఎంత కరెంటు తింటుందో చెబుతుంది కానీ ఎలా కలుపుతుందో చెప్పదన్నాను. డబ్బా మూత తీశాను. షాపులో అలా కుదరదన్నాడు. అయితే కొనను అని స్టూలు మీద కూర్చున్నాను. కదల్లేదు. జనం పోగవుతుంటే చివరికి ప్లగ్గు పెట్టాడు.

పిండి ముద్ద కట్టేసరికి ఆ ఎర్రది బల్ల మీద నడవడం మొదలెట్టింది. ఆయన రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది. కొద్ది నిమిషాలకే పైన చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. గట్టి పిండి వెయ్యకూడదని అప్పుడు చెప్పాడు. నాకు కావలసిందే గట్టి పిండి అన్నాను.

పై అరలో దుమ్ము పట్టిన బూడిదరంగుది ఒకటుంది. ఒంటిచేత్తో ఎత్తలేనంత బరువు. దాన్ని దింపించి, డబ్బాలో మిగిలిన మైదా, నీళ్లు అందులో పోశాను. అది కదల్లేదు, కానీ గిన్నె అడుగున పొడి పిండి మిగిలిపోయింది. "సూసేరా, ఇదీ అంతే" అన్నాడాయన. పిండి కలిపే కొక్కేన్ని పైకీ కిందికీ జరిపే స్క్రూ ఎక్కడుందో వెతికి, కొంచెం కిందికి తిప్పాను. అడుగు పిండి కూడా లాక్కుంది. ఆపి, చిన్న ముద్ద తీసి రెండు చేతులతో సాగదీశాను. వెలుతురు కనిపించేంత పల్చగా సాగింది, చిరగలేదు. బన్నుల పిండి బాగా కలిసిందనడానికి అదే గుర్తు. ఆయన ముఖం ముందు పెట్టి చూపించాను. మిక్సర్‌ని తుడిచి పెట్టెలో సర్దాడు.

బస్సులో కండక్టరు పైన వెయ్యమంటే వినలేదు. సునాబెడ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి.

అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చోడిపిండి, అదే రాగిపిండి, కలిపి బన్నులు చేశాను. రెండు తిన్నారు. చేతులు తుడుచుకుంటూ మిక్సర్ వైపు చూశారు.

"దీన్ని అటక మీద పెట్టెయ్యమ్మీ. సుట్టాలు సూత్తే ఏటనుకుంటారు?"

"ఏదో ఒకటి అనుకోనీండి. బన్ను తింటూ అనుకుంటారు."

వంటగట్టు మీదే, గుమ్మంలోంచి అందరికీ కనబడేచోట పెట్టాను. ఇవాళ్టికీ అక్కడే ఉంది.