రాజు దూకిన ఎత్తు

గుండెమోని బాలనర్సయ్య మొదటిసారి శాంతాబాయి గుమ్మం ముందు నిలబడిన నాడు అతని చేతిలో నాలుగు మడతలు పెట్టిన చదరంగం పోటీ కరపత్రం ఉంది. కామాటిపురలో మూడు తరాల పిల్లలకు తెలుగు చెప్పి ఆమె విరమించి అప్పటికి ఆరేళ్లు.

“టీచరమ్మా, ఎనిమిది ఇంగ్లీషు అచ్చరాలు నేర్పియ్యి. అంకెలు నాకొస్తయి.”

“అరవై ఏళ్లకు ఎనిమిదేనా?”

“అడ్డం గళ్లు ఎనిమిదే గదమ్మా!”

దాదర్‌లో జరిగే చదరంగం పోటీలో ప్రతి ఎత్తునూ, ఏ గడి నుంచి ఏ గడికో, అక్షరం అంకెతో కాగితం మీద రాయాలి. తాపీ పనిలో సిమెంటు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్న బాలనర్సయ్య, నలభై ఏళ్లుగా తానుండే చాల్‌లో, ఆ వరుస గదుల మేడ మెట్ల మీద ఎన్నో ఆటలు గెలిచాడు. ఒక్కదానికీ ఆనవాలు లేదు. తన పేరుతో రాసిపెట్టిన గెలుపు ఒక్కటైనా మిగలాలని అతని కోరిక.

అక్షరం వంకరపోతే శాంతాబాయి సహించేది కాదు. ‘జి’ తోకను ఇరవైసార్లు దిద్దించింది.

“మా మేస్త్రీ నయముండె,” అని గొణుగుతూనే దిద్దాడు.

మెట్ల మీది ఆటలో రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. పోటీలో అది చెల్లదు, రాజును ఏనుగు చాటుకు చేర్చి కోట కట్టుకోవాలి. ఆ సంగతి తనకు తెలుసునని ఆమెకు రెండుసార్లు చెప్పాడు.

ప్రత్యర్థి హితేష్ కాలేజీ విద్యార్థి. బాలనర్సయ్య రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపాడు. హితేష్ కూడా అంతే. గుర్రాలు కదిలాయి, శకట్లు కదిలాయి. ఏడో ఎత్తుకు బాలనర్సయ్య ఒక బంటును గెలుచుకుని, తీరైన అక్షరాలతో రాసుకున్నాడు. గోడవారన కూర్చున్న శాంతాబాయి ఊపిరి పీల్చుకుంది.

అంతలో హితేష్ మంత్రి ముందుకు దూసుకువచ్చింది. బాలనర్సయ్య దగ్గు ఆపుకొంటూ రాజును ఎత్తి, గుర్రంలా దూకించి, గడియారం నొక్కాడు.

“కాకా, రాజా ఘోడా ఝాలా కా?” హితేష్ పకపకా నవ్వాడు. రాజు గుర్రమయ్యాడా అని.

న్యాయనిర్ణేత వచ్చి, ఆ దూకుడు చెల్లదన్నాడు. ముట్టిన రాజునే కదపాలి గనుక బాలనర్సయ్య దానిని ఒక గడి పక్కకు జరిపాడు. ఇక కోట కట్టే వీలు పోయింది. ఇరవయ్యో ఎత్తులో ఓడిపోయాడు.

బస్సు నాగ్‌పాడా చేరుతుండగా అతడు ఎత్తులు రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాకు ఎర్కే, టీచరమ్మా. చేతికే తెల్వలే.”

మరుసటి ఏడు పోటీ వరకు అతని ఊపిరి నిలవలేదు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో శాంతాబాయి అతని మంచం పక్కన కూర్చున్నప్పుడు, తలగడ కింది నుంచి ఆ కాగితం తీసి ఆమెకు అందించాడు.

“ఏడో ఎత్తు దాంక చదువు, టీచరమ్మా. ఆడ ఆపు.”