సాయిబు తాత మోకాళ్ళు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో వాన కబురు వినుకొండ కొండే చెప్పేది. దాని నెత్తిన మబ్బు కూర్చుందంటే చాలు, కల్లాల్లో మిరపకాయలు ఎండబోసిన వాళ్ళంతా కప్పే పట్టాలు పట్టుకుని పరుగో పరుగు. నేను మాత్రం అరుగు మీదే ఉండేదాన్ని. ఐదో తరగతిలో ఉండగా వచ్చిన పెద్ద జ్వరం తగ్గుతూ తగ్గుతూ నా ఎడమకాలి బలం పట్టుకుపోయింది. కుంటుకుంటూ నాలుగడుగులు వేస్తే చాలు, మా అమ్మ ‘వద్దులే తల్లీ, కూర్చో’ అనేది. అలా కూర్చోబెట్టి కూర్చోబెట్టి నన్నో మూటను చేసి పెట్టారు.

ఆ ఏడు నేను ఆరో తరగతికి వెళ్ళాలి. హైస్కూలేమో పక్కూళ్ళో. అటు బస్సు లేదు, పత్తిచేల మధ్య డొంకదారిన నడిచే వెళ్ళాలి. ఈ కాలుతో అంత దూరం దానివల్ల కాదు, చదివింది చాల్లే అని మా నాన్న తేల్చేశాడు. బడులు తెరిచారు. తోటిపిల్లలు సంచులు తగిలించుకుని మా అరుగు ముందు నుంచే పోతుంటే వాళ్ళ వెంట పోవాలని ఉండేది. పైకి మాత్రం ఆ చదువెవరికి కావాలన్నట్టు మూతి తిప్పుకునేదాన్ని.

మా పక్కింట్లో సాయిబు తాత ఉండేవాడు. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఆయన కుట్టిన పరుపు లేకుండా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఆడపిల్లా కాపురానికి వెళ్ళేది కాదు. తొలి ఏకాదశి రోజు పొద్దున్నే ఆయన మా గుమ్మంలోకి వచ్చి, “ఒరేయ్, కొండ మీద తిరునాళ్ళ చూడాలనుందిరా. మోకాళ్ళు పట్టేశాయి. నీ కూతుర్ని తోడు పంపు” అన్నాడు. మా నాన్న తెల్లబోయి, “దాని కాలు చూశావు కదా బాబాయ్” అన్నాడు. “కాలు ఎలా ఉంటే నాకేం, భుజం బాగానే ఉందిగా!” అని కసిరాడాయన. మా అమ్మ కంగారు పడుతూనే పేలపిండి మూటగట్టి ఇచ్చింది.

కొండ కింద నిలబడి మెట్లు చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, మూలుగుతూ ఎక్కడం మొదలుపెట్టాడు. ఎక్కడ పడిపోతాడోనన్న భయంలో నా కాలి సంగతి నాకు గుర్తు లేదు. నేను ఆగినప్పుడల్లా తనకే ఆయాసం వచ్చినట్టు కూలబడి ఏదో ఒక ముచ్చట చెప్పేవాడు. సీతమ్మను ఎత్తుకుపోయిన కబురు రాముడు విన్నది ఈ కొండ మీదేనట. ఒకచోట పాత కోటగోడ చూపించాడు. ఎన్ని రాజ్యాలు పోయినా ఆ రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయట. ఇంకాస్త పైన బండల మధ్య వాననీళ్ళు నిలిచిన దొన ఉంది. కోటలో వాళ్ళకి తాగునీళ్ళు ఇవేనన్నాడు. అవన్నీ వింటూ ఎప్పుడు గుడి దగ్గరికి చేరామో నాకే తెలియలేదు.

పైన గాలి ఈడ్చి కొడుతోంది. పడమటికి నల్లమల, నీలంగా, వరస వెనక వరస. అక్కణ్ణించి దిగివచ్చే గుండ్లకమ్మ ఎండకు మెరుస్తోంది. కింద నల్లరేగడి చేలు, అప్పుడే పత్తి గింజ పెట్టినవి. దక్షిణాన కంటికి ఆనని దూరంలో కనిగిరి కొండ ఉందని, దాని మీదా ఓ కోట ఉందని చెప్పాడు తాత. నాకవేం తలకెక్కలేదు. పుట్టినప్పటి నుంచి అరుగు మీంచి చూసిన కొండ మీద నిలబడి, నేను మా అరుగును వెతుక్కుంటున్నాను!

ఆయన ముందు మా ఊరు చూపించాడు, తర్వాత పక్కూళ్ళో హైస్కూలు చూపించాడు. రెంటికీ మధ్య ఎంత దూరమే అని అడిగాడు. చెయ్యి చాచి కొలిస్తే జానెడు కూడా లేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆయన పేలపిండి నా చేతిలో పెట్టి, “పడుంటే దూది గడ్డకడుతుందే పిల్లా. ఏకుతూ ఉండాలి. కాలైనా అంతే” అన్నాడు.

దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి మా ఊరి బస్సు కదిలిపోతోంది. సాయిబు తాత లుంగీ ఎగ్గట్టి, “ఆపండహో!” అంటూ దాని వెనక పరుగు లంకించుకున్నాడు. అబ్బో, ఏం పరుగది! బస్సు ఆగింది. నేను కుంటుకుంటూ చేరి, “తాతా, నీ మోకాళ్ళో?” అని నిలదీశాను.

“కొండ మీద మర్చిపోయొచ్చానే” అన్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి.

ఇంటికి రాగానే మా నాన్న, దీన్ని మోసుకెళ్ళావా బాబాయ్ అని అడిగాడు. “అదే నన్ను ఎక్కించిందిరా. చదువు మాన్పించావంటే దాని పెళ్ళికి పరుపు కుట్టను, చెప్తున్నా!” అని అరిచి వెళ్ళిపోయాడు. మా నాన్న నా కాలి వంకే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున డొంకదారిన బడిదాకా నా పక్కన నడిచాడు. దారిలో నేను కూలబడినప్పుడు ఆయనా కూర్చున్నాడు గానీ, వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

ఆ కాలు ఇప్పటికీ కుంటుతూనే ఉంది. దానితోనే చదువుకున్నాను, ఎంతోమంది పిల్లలకి పాఠాలు చెప్పాను. సాయిబు తాత కుట్టిన పరుపుతోనే కాపురానికి వెళ్ళాను. ఇప్పుడు కొండ పైకి కార్లు పోయే రోడ్డు పడింది. మొన్న మా మనవరాలు పరీక్ష పోయిందని గది తలుపేసుకుని కూర్చుంది. ఇంట్లో అందరూ బతిమాలారు, బుజ్జగించారు, ఊహూఁ. నేను తలుపు కొట్టి, “నా మోకాళ్ళు పట్టేశాయే తల్లీ. మెట్లదారిన కొండెక్కాలనుంది, చెయ్యి పట్టుకుంటావా?” అన్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆనాడు సాయిబు తాత నటించాడు. నాకు ఆ శ్రమ కూడా లేదు, నా మోకాళ్ళు నిజంగానే పట్టేశాయి. అయినా ఎక్కాం, ఇద్దరం.