నోరు లేని పురుగులు

కంబదూరు పక్క పల్లెలో కదిరమ్మ ఇల్లు ఎక్కడంటే ఎవరికీ తెలియదు. ఊరంతా అవ్వలా పిలుచుకునే జేజి ఇల్లు అని అడిగితే మాత్రం కుక్కలు కూడా ముందు నడిచి దారి చూపిస్తాయి. ఆమె కూలికి పోయి కలుపు తీసే మనిషే. కాకపోతే పన్ను సలిపిందంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్ల వాళ్లు దవడ పట్టుకుని ఆమె అరుగు మీదే కూర్చునేవారు. జేజి పంటి పురుగు తీస్తుంది. అత్త నేర్పి పోయిన విద్య అది.

నేలములక పండ్ల విత్తనాలు ఎండబెట్టి, ఆముదంలో తడిపి పెట్టుకుంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి, ఎర్రగా కాల్చిన నాగలి కర్రు ముక్కను మధ్యలో నిలబెట్టి, దాని మీద చిటికెడు విత్తనాలు చల్లుతుంది. గుప్పుమని పొగ లేస్తుంది. నొప్పి ఉన్న మనిషి నెత్తిన దుప్పటి కప్పుకుని ఆ పొగ మీద నోరు తెరవాలి. కళ్లు మండుతాయి, చొంగ కారుతుంది. కాసేపటికి దుప్పటి తీస్తే నీళ్ల మీద తెల్లగా, సన్నగా పురుగులు తేలుతుంటాయి. జేజి చీపురు పుల్లతో ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపిస్తుంది.

"చూడప్పా, తొమ్మిది! ఇన్నిటిని నోట్లో పెట్టుకోని సంగటి ఎట్ల తింటాంటివి?"

ఆ పొగకు నొప్పి రెండు మూడు రోజులు మొద్దుబారేది. వచ్చినవాళ్లు టెంకాయ ఒకటి పెట్టి దండం పెట్టి పోయేవారు. అంతకు మించి జేజి ఏదీ ముట్టదు. ఆ విషయంలో ఆమెకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒకసారి మనవరాలు అడిగింది. "అన్నీ ఒకే మాదిరి ఉండాయే జేజీ? ఒక్కటీ కదల్లేదే?"

"వేడికి చచ్చినాయి. పదో తరగతి రెండుసార్లు తప్పినావు, నువ్వు నాకు చెప్పొచ్చినావా?"

మనవరాలు పళ్లెం కడగబోయింది. పది తప్పిన మాట నిజమే మరి.

ఈ ఏడు వేరుశెనగ చేలల్లో చెనిక్కాయ పీకుళ్లు అయిపోయాక జేజికే పన్ను సలిపింది. ఎవరికైనా తెలిస్తే ఎంత సిగ్గు! తలుపు గడియ పెట్టుకుని, తన పొగ తనే పట్టుకుంది. పదకొండు పురుగులు పడ్డాయి. నొప్పి మాత్రం పోలేదు. ఇంకో రెండుసార్లు పట్టింది. నాలుగో రోజుకు చల్లనీళ్లు కూడా తాగలేకపోయింది. చెల్లెలిని చూసొస్తానని వీధిలో చెప్పి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్యాణదుర్గం బస్సెక్కింది.

పళ్ల డాక్టరు గదిలో బల్ల మీద కూర్చోబోయి ఉలిక్కిపడింది. పక్కన తమ ఊరి తిరుపాలమ్మ. ఆమె ఒళ్లో తల పెట్టుకుని పన్నెండేళ్ల కూతురు లక్ష్మీదేవి. లక్ష్మీదేవి దవడ పన్నుకు జేజి మూడుసార్లు పొగ పట్టింది. మొత్తం ఇరవై నాలుగు పురుగులు. లెక్కలో జేజి తప్పదు.

"యాడికొచ్చినావు జేజీ?" అంది తిరుపాలమ్మ, తనే దొంగతనంలో దొరికినట్టు.

"ఊరికే. ఎండ మండిపోతాంది, ఫ్యాను కింద కూచుందామని."

"మేమూ అంతే."

ఇద్దరూ గోడకున్న పంటి బొమ్మను దీక్షగా చూడసాగారు. ముందు జేజిని పిలిచారు. ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చిన మనిషి లేచి లోపలికి పోవలసి వచ్చింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కుర్చీని వెనక్కి వంచి నోట్లో లైటు వేసింది.

"అమ్మా, పురుగును తీసినాంక పారేయొద్దు. నాకు చూపియ్యి," అంది జేజి.

"పురుగేం లేదవ్వా. తిన్నది పంటి గుంటల్లో ఇరుక్కుని పులిసి, పంటిని కొంచెం కొంచెంగా గుల్ల చేసింది. అంతే."

"బాగా చూడమ్మా. సన్నగా, తెల్లగా ఉంటాది."

డాక్టరమ్మ నవ్వి చేతికి అద్దం ఇచ్చింది. అద్దంలో నల్లటి గుంత ఒకటి. అందులో ఏదీ లేదు. నలభై ఏళ్లుగా జేజి పళ్లెంలోకి చూసిందే తప్ప ఒక్కరి నోట్లోకీ చూడలేదు.

సూది వేశారు. మిషనుతో పుచ్చు గీకారు. సిమెంటు లాంటిది నింపి, నీలం లైటు పెట్టి గట్టిపరిచారు. జేజి మొద్దుబారిన చెంపతో బయటికొచ్చేసరికి లక్ష్మీదేవి వంతు. తలుపు సగమే మూశారు. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"పుచ్చు వేరు దాకా పోయిందమ్మా. చిగుళ్ల కింద చీము కూడా ఉంది. ఈ పన్ను పీకేయాల్సిందే. ఇది ఊడితే మళ్లీ వచ్చే పన్ను కాదు. ఆరు నెలల ముందు వచ్చుంటే, ఇందాకటి అవ్వకు పెట్టినట్టు సిమెంటు పెడితే సరిపోయేది. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

ఆరు నెలల ముందు వాళ్లు వచ్చింది జేజి అరుగు మీదికే. జేజి కొంగు మూతి మీదికి లాక్కుంది. తన పేరు ఇప్పుడు బయటికొస్తుంది.

"విత్తనమనీ, కలుపనీ, పీకుళ్లనీ చేను పనుల్లో పడి మరిచిపోయినామమ్మా," అంది తిరుపాలమ్మ.

ఆ తల్లి తిట్టి ఉంటే జేజి ఎదురు తిరిగేది, నోరు తక్కువ మనిషేం కాదు. కానీ తిరుపాలమ్మ అబద్ధమాడి ఆమె పరువు కాపాడింది. జేజికి ఆ బల్ల మీద తల ఎత్తబుద్ధి కాలేదు. తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీటులో కూర్చున్నారు. పన్ను పీకిన చోట పిల్ల నోట్లో దూది.

మర్నాడు పొద్దున్నే జేజి కర్రు కాల్చింది. పళ్లెంలో నిలబెట్టి విత్తనాలు చల్లి, తను దూరంగా జరిగి కూర్చుంది. పొగ లేచి ఉత్త గాలిలో కలిసింది. విత్తనాలు చిటపటమని పగిలాయి. ఎవరూ నోరు తెరవలేదు.

పొగ ఆరాక వంగి చూసింది. నీళ్ల మీద తెల్లగా, సన్నగా పద్నాలుగు. ఒకదాన్ని వేళ్ల మధ్య నలిపింది. విత్తనం లోపలి పప్పు.

చాలాసేపు అక్కడే కూర్చుంది. పళ్లెం కడిగి బోర్లిస్తే ఎవరికీ తెలిసేది కాదు. లేచి కర్రును మళ్లీ నిప్పుల్లో పెట్టింది. కొంగున విత్తనాలు ముడేసుకుని, కర్రు ఎర్రబడగానే పటకారుతో పట్టుకుని, ఇంకో చేత పళ్లెంతో తిరుపాలమ్మ ఇంటికి నడిచింది. దారిలో వీధి కుర్రాడు వీరేష్ "పొద్దున్నే ఎవురి పన్ను జేజీ?" అని వెంటపడ్డాడు.

తిరుపాలమ్మ వాకిట్లో పళ్లెం పెట్టి నీళ్లు పోయించుకుని, కర్రు నిలబెట్టి విత్తనాలు చల్లింది. "ఎవురూ నోరు తెరవద్దు. ఊరికే చూడండి."

చూశారు. పురుగులు పడ్డాయి. వీరేష్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. లక్ష్మీదేవి వాచిన చెంపతోనే వంగి అడిగింది.

"ఎవురూ నోరు తెరవలేదు కదా జేజీ, మరి ఎవురి నోట్లోంచి పడినాయి?"

"నా నోట్లోంచే తల్లీ. నలభై ఏండ్లుగా."

"నన్ను తిట్టు తిరుపాలా," అంది జేజి.

"నీకూ తెలీక చేసినావు. తిట్టి ఏం చేసేది? పిల్లకు రాగిజావ కాచినా, నువ్వూ రోంత తాగు."

"తిడితేనే తాగుతా."

"తిట్టను పో."

జేజి తల వంచుకుని జావ తాగింది. ఎప్పుడూ ఉప్పు చాలలేదని పేచీ పెట్టే మనిషి, ఆ రోజు ఉప్పే వేయని జావను మారు మాట లేకుండా తాగింది.

ఇప్పుడు ఎవరైనా దవడ పట్టుకుని వస్తే, జేజి తన నోరు బార్లా తెరిచి సిమెంటు పన్ను చూపిస్తుంది. కళ్యాణదుర్గం బస్సు ఎన్నింటికో చెబుతుంది. తెచ్చిన టెంకాయ వెనక్కి ఇచ్చేస్తుంది. ఎవరు ఎగతాళి చేసినా పడుతుంది. లక్ష్మీదేవి వీధిలో ఆడుకుంటూ పగలబడి నవ్వినప్పుడు మాత్రం, ఆ లోపలి ఖాళీ కనబడుతుందేమోనని ముఖం పక్కకు తిప్పుకుంటుంది.